నాలుగు యాప్‌లు, నాలుగు వందల పన్నెండు సైగలు

2024 జూన్ 11, మంగళవారం, సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలకు మా చెల్లెలు మొదటిసారి నాకు ఫోనులో కనపడింది. నేను నరసరావుపేటలో మా వరండాలో కూర్చున్నాను, ఆమె మాచర్లలో తన ఇంటి నడవలో. అప్పటికి నాకు డెబ్బై ఆరు, ఆమెకు డెబ్బై రెండు. నా తుంటి ఎముకకు ఆపరేషన్ అయ్యాక ఇక బస్సు ఎక్కవద్దని డాక్టరు చెప్పాడు. అంతకుముందు, మా అమ్మ పోయిన నాటి నుంచి ఇరవై ఆరేళ్ళు, నెలకు రెండు శనివారాలు పిడుగురాళ్ళ, గురజాల మీదుగా మాచర్ల వెళ్ళి వచ్చేదాన్ని. ఆ ప్రయాణం ఆగిపోయింది కాబట్టి ఈ ఫోను వచ్చింది.

మా చెల్లెలికి వినపడదు. రెండో ఏట వచ్చిన జ్వరం చెవులను తీసుకుపోయింది, దానితోపాటే మాట కూడా పోయింది. బడికి పంపలేదు. అంకెలు నేను నేర్పాను, అక్షరాలు పట్టుబడలేదు. అందుకే ఉత్తరమైనా మెసేజీ అయినా ఆమె దగ్గర ఉత్త కాగితం, ఉత్త గాజుపలకే. మా ఇద్దరికీ ఉన్నవి చేతులు.

శావల్యాపురం దగ్గరి మా ఊళ్ళో, మిరపకళ్ళంలో కాయలు ఏరుతూ, మేమే పుట్టించుకున్న సైగలవి. చెవిటి పిల్లల బళ్ళలో నేర్పే సైగలకూ వీటికీ సంబంధం లేదు. ముక్కుపుడక ఉండే చోట వేలు పెడితే అమ్మ. కుడిచెయ్యి బారుగా చాచి కండువా భుజాన వేసుకున్నట్టు చేస్తే నాన్న. ఎడమచెయ్యి చాచి పాతకాలపు బస్సు రబ్బరు హారన్ నొక్కినట్టు చేస్తే నరసరావుపేట. రెండు పిడికిళ్ళు రాళ్ళలాగా తట్టుకుంటే మాచర్ల. బొటనవేలితో నాలుగు వేళ్ళ కణుపులూ వరుసగా లెక్కపెడితే అది నేను. మొత్తం నాలుగు వందల పన్నెండు. ఒక లాంగ్ నోట్‌బుక్‌లో అన్నీ రాసి పెట్టాను. అవి పూర్తిగా తెలిసినవాళ్ళు ముగ్గురం. అమ్మ పోయాక ఇద్దరం.

ఆమెను మొదటి భార్య పోయిన మనిషికి ఇచ్చి చేశారు. పిల్లలు కలగలేదు. ఆ మనిషీ పోయాడు. సవతి కొడుకు నాపరాయి లారీ నడుపుతాడు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే ఉంటాడు. ఇంట్లో ఉండేది కోడలు. అన్నం, నీళ్ళు, స్నానం, సంత, ఇలాంటివి ఓ ఇరవై సైగలు ఆ ఇంట్లో నడిచేవి. మిగిలిన మాటలన్నీ నా కోసం దాచుకునేది.

వారానికి రెండుసార్లు, మంగళవారం, శనివారం, నాలుగూ ఇరవైకి అనుకున్నాం. ఆ వేళకు ఆమె నడవలోకి ఎండ సూటిగా పడదు, వెలుతురు మాత్రం ఉంటుంది. ఫోను పెట్టించి ఇచ్చింది నా శిష్యుడు. బస్టాండు వెనక సందులో ఫోన్లు బాగుచేస్తాడు. ఎనిమిదో తరగతిలో భిన్నాల దగ్గర ఆగిపోయాడు. ఇప్పుడు యాభై దాటాయి, గడ్డం నెరిసింది. నేను దుకాణం మెట్టెక్కితే ఇప్పటికీ లేచి నిలబడతాడు.

"టీచరమ్మా, మీరు యాప్ ఎక్కించుకోటానికి వచ్చారా, నాకు పరీక్ష పెట్టటానికి వచ్చారా?"

"పెట్టినప్పుడు నువ్వు పాసయ్యావా?"

"అయితే ఇప్పుడు నేను పెడతా. మ్యూట్ ఎక్కడుందో చూపించండి."

"మ్యూట్ మాకెందుకురా? చిన్నప్పటి నించీ అదే గదా."

అతను నాలుక కరుచుకున్నాడు. తరవాత ఇద్దరం నవ్వుకున్నాం. ఆ రోజుల్లో నవ్వు వచ్చేది.

యాప్‌ల పేర్లు రాయను. నోట్‌బుక్‌లో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకెలే వేశాను. ఒక్కోదానికీ పట్టిక గీశాను. చెయ్యి తిప్పితే బొమ్మ నిలుస్తుందా, పాత ఫోనులో నడుస్తుందా, బయటివాళ్ళు చూసే వీలుందా. ఉపాధ్యాయురాలిగా ముప్పై నాలుగేళ్ళు మార్కులు వేసిన చెయ్యి ఊరికే ఉండదు. ప్రతి శనివారం పరీక్ష పెట్టేదాన్ని. అవే ఇరవై సైగలు, అదే వరుసలో, నేను చేస్తాను. ఆమె చూసి తిరిగి చెయ్యాలి. ఎన్ని సరిగ్గా తిరిగొస్తే ఆ వారం ఆ యాప్‌కు అన్ని మార్కులు.

ఒకటో యాప్‌కు మొదటి శనివారం పంతొమ్మిది వచ్చాయి. గోప్యతకు పదికి పది వేశాను. మధ్యలో ఎవరూ చూడలేరని, ఆ కంపెనీవాళ్ళు కూడా చూడలేరని అందులో రాసి ఉంది. భూతద్దం పెట్టి నిబంధనలన్నీ చదివాను. చదువుతుంటే నాకే నవ్వొచ్చింది. చూస్తే మాత్రం ఏం తెలుస్తుంది వాళ్ళకు? మా మాటకు తాళం ఎవరో వెయ్యనవసరం లేదు. అది అరవై ఏళ్ళ నుంచీ వేసే ఉంది.

ఆ తాళం అంటే కోడలికి పడేది కాదు. ఒక మంగళవారం చాట చేతిలో పట్టుకుని వెనక నుంచి వచ్చి ఫోనులోకి తొంగిచూసింది.

"ఏంది పెద్దత్తమ్మా, గంట నించి ఇద్దరూ చేతులు తిప్పుకుంటా కూసున్నారు. మా మీదేనా?"

"నీ మీద గంటసేపు చెప్పుకునేంత ఏముందే నీ దగ్గర?"

"ఉంటదిలే, లేకపోతే అత్త అట్టా నవ్వదు. నాకూ నేర్పరాదా? ఒక పది నేర్పినా చాలు."

నేను చెల్లెలికి సైగ చేశాను, కోడలు నేర్చుకుంటానంటోందని. చెల్లెలు చెవి వెనక గోకింది. మా సైగల్లో అది అబద్ధం. ఇద్దరం పకపకా నవ్వాం. కోడలు ఎర్రగా చూసి చాట తీసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ అడగలేదు. అది జూలై 16. నేర్పవలసిన రోజు అదేనని అప్పుడు నాకు తెలియదు.

ఆగస్టు 3, శనివారం, మార్కులు పదిహేడుకు దిగాయి. రానివి మూడూ చెయ్యి బారుగా చాచి చేసేవి. నాన్న రాలేదు, నరసరావుపేట రాలేదు, చేను రాలేదు. నోట్‌బుక్‌లో 'బొమ్మ అంచులు కోసేస్తోంది' అని రాశాను. ఆ రోజే చెల్లెలు మొదటిసారి అరచెయ్యి కళ్ళ ముందు అటూ ఇటూ ఊపింది. పచ్చికట్టెల పొయ్యి దగ్గర పుట్టిన సైగ అది, పొగ. సరిగ్గా కనపడటం లేదంటోంది. నేను వెంటనే దుకాణానికి వెళ్ళాను.

"అంచులు కోసే సెట్టింగేమన్నా ఉందేమో చూడరా."

"అట్టాంటిదేం లేదు టీచరమ్మా. మీ బొమ్మ ఇక్కడ ఎట్టుందో అక్కడా అట్టనే పోతది."

"మరి ఆమెకు కనపడటం లేదంటోంది."

"అక్కడి ఫోను పాతది. అదీ మాచర్ల నెట్టు. ఇంక ఏం కావాల?"

అది నాకు చాలా సబబుగా తోచింది.

సెప్టెంబరు 10న రెండో యాప్‌కు మారాం. ఒక లింకు పంపితే చాలు, దాన్ని నొక్కి ఎవరైనా లోపలికి రావచ్చు. ఎవరైనా అంటే నిజంగా ఎవరైనా అని మూడో వారం తెలిసింది. మేం మాట్లాడుకుంటూ ఉండగా మూడో గడిలో బనియను వేసుకున్న మనిషెవరో ప్రత్యక్షమయ్యాడు. పళ్ళు తోముకుంటున్నాడు, వాళ్ళ దేశంలో అప్పుడే తెల్లవారిందో ఏమో. ఇద్దరు ముసలివాళ్ళు నోరు మెదపకుండా చేతులు విసురుకోవడం చూసి బ్రష్షు నోట్లోనే ఆపేశాడు, నురగ కారుతున్నా తుడుచుకోలేదు. చెల్లెలు అతనికి దండం పెట్టింది. అతనూ దండం పెట్టి మాయమయ్యాడు. గోప్యతకు రెండు మార్కులు వేశాను, ఆ రెండూ అతని మర్యాదకు. సైగలు పదహారుతో మొదలై పద్నాలుగుకు వచ్చాయి.

మూడో యాప్ ఆమె పాత ఫోనులో ఎక్కనే లేదు. 'మీ ఫోనుకు ఇది పనిచేయదు' అని వచ్చింది. కోడలి ఫోనులో ఎక్కించి, నా శిష్యుడిని కూడా ఒక గడిలో కూర్చోబెట్టాను, ఎక్కడ తేడా వస్తోందో చూడమని. అదో గోల. ఎవరి గొంతు వినపడితే వాళ్ళ బొమ్మ పెద్దదవుతుంది ఆ యాప్‌లో. అతను దగ్గితే అతను తెరంతా నిండిపోయేవాడు. మా వీధిలో కూరగాయల బండి కేకేస్తే నేను పెద్దయ్యేదాన్ని. నోరులేని మా చెల్లెలు మాత్రం ఎంత చెప్పినా మూలన పోస్టల్ స్టాంపంతే ఉండిపోయేది. "మాట్లాడేవాళ్ళకు చేసిన సరుకు టీచరమ్మా ఇది" అన్నాడు నా శిష్యుడు. అతను అన్నది ఆ ఒక్క యాప్‌నే. నేను అన్ని యాప్‌లకూ కలిపి రాసుకున్నాను.

కొత్త ఫోను కొంటే సరిపోతుందనుకున్నాను. 2025 జనవరి 7న, ఉన్నవాటిలో పెద్ద తెరది చూసి కొని, సవతి కొడుకు లారీలో పంపాను. మళ్ళీ రెండో యాప్‌లో పెట్టిన మొదటి పరీక్షలో పన్నెండు వచ్చాయి. చిన్న తెరలో పద్నాలుగు, పెద్ద తెరలో పన్నెండు. లెక్కలు చెప్పినదాన్ని, ఆ రెండు అంకెలూ ఒకదాని కింద ఒకటి నా చేత్తోనే రాసుకున్నాను. దుకాణం అతన్ని తిట్టాను, పనికిమాలిన ఫోను అంటగట్టావని. పాపం, తిట్లు పడ్డాడు.

ఆ తరవాతి వారాల్లో చెల్లెలు ఒక పని చెయ్యసాగింది. ఫోనును ఒళ్ళో పెట్టుకోకుండా, తీసుకెళ్ళి ఎదురు గోడలో కిటికీ గూట్లో పెట్టి, దూరంగా మంచం మీద కూర్చునేది. అలా కూర్చున్న రోజు పదమూడు వచ్చాయి. నేను ఊరుకోలేదు. దగ్గరికి రా, అంత దూరం పెడితే ఎలా కనపడుతుంది అని కోప్పడ్డాను. ఆమె లేచి వచ్చి ఫోను దగ్గరికి తీసుకుంది. చిన్నప్పటి నుంచీ నా మాట జవదాటదు.

ఫిబ్రవరి 4న నాలుగో యాప్. వెనకున్న గోడలు, సామాను కనపడకుండా మసక చేసే సదుపాయం అందులో ఉంది. ఇంటి గుట్టు బయటపడదని మెచ్చుకుని తొమ్మిది మార్కులు వేశాను. తీరా చూస్తే ముఖాన్ని మనిషిగానూ, చాచిన చేతిని గోడగానూ లెక్కగట్టి చెయ్యిని కూడా మసక చేస్తోంది. దాన్ని తీసేయించాను. ఇంకో వింత, చెయ్యి పైకెత్తితే 'మాట్లాడాలనుకుంటున్నారు' అని అక్షరాలు వచ్చేవి. పదకొండు వచ్చాయి, తరవాత పది. చెల్లెలు ఇప్పుడు ప్రతిసారీ పొగ అంటోంది. తల పక్షిలాగా అటూ ఇటూ తిప్పి నా చేతుల్ని వెతుకుతోంది. ధ్యాస పెట్టడం లేదనుకుని బల్ల మీద కొట్టాను, వినపడదని మరిచి.

మార్చి 15, శనివారం, విసిగిపోయి మళ్ళీ ఒకటో యాప్‌కే వచ్చాం. పంతొమ్మిది వచ్చిన యాప్ కదా అది. తొమ్మిది వచ్చాయి.

అదే యాప్. ఇంకా మంచి ఫోను. అవే ఇరవై సైగలు. అంతా అదే అయినప్పుడు మారినదేమిటని ఆరో తరగతి పిల్ల అయినా అడుగుతుంది. నేను నోట్‌బుక్‌లో రాసింది ఇది: 'అప్‌డేట్ ఇచ్చి పాడుచేశారు.' నా శిష్యుడు ఆ రోజు ఉపవాసంలో ఉండి కూడా నా కోసం షట్టరు ఎత్తి, అప్‌డేట్‌కు ముందున్నది తిరిగి ఎక్కించవచ్చేమోనని గంటసేపు తంటాలుపడ్డాడు.

ఏప్రిల్ 15, మంగళవారం. చెల్లెలు ఇంకా వచ్చి కూర్చోలేదు. కోడలు ఫోను తీసుకుని ఎదురుగా నిలబడింది.

"పెద్దత్తమ్మా, ఒక మాట చెప్తా. మళ్ళీ ఇద్దరూ కలిసి నన్ను చూసి నవ్వగాకండి."

"చెప్పవే."

"అత్త చానా రోజుల నించి గుమ్మాలకి తగులుకుంటంది. కంచం ఇంత పక్కకి పెడితే చూడదు, ఎదురుగా తడుముకుంటది. పొద్దున పొయ్యి మీద చెయ్యేసింది. బొబ్బలెక్కింది."

"ఎన్నాళ్ళ నించి?"

"క్రిస్మస్ ముందు నించే."

"నాకెందుకు చెప్పలేదే?"

"నేను చెప్పేదేముంది? వారానికి రెండుసార్లు మీకే గదా చెప్పుకునేది. ఇది చెప్పలేదా ఏంది?"

చెప్పింది. ఆగస్టు 3 నుంచీ చెబుతూనే ఉంది. చెప్పిన ప్రతిసారీ నేను యాప్‌కు మార్కులు తగ్గించాను.

ఏప్రిల్ 22న కారు మాట్లాడి ఆమెను నరసరావుపేట తీసుకొచ్చారు. కళ్ళ డాక్టరు చిన్నవాడే, నిదానస్తుడు. గిన్నెలాంటి యంత్రంలో ముఖం పెట్టించి, పక్కల నుంచి వెలుగుచుక్కలు వేసి పరీక్ష చేశాడు. నేను పక్కన నిలబడి, కనపడినప్పుడల్లా వేలెత్తమని ఆమె కళ్ళకు సూటిగా సైగ చేసి చెప్పాను. ఎత్తింది చాలా తక్కువ.

"నీటికాసులమ్మా, గ్లకోమా అంటాం. రెండు కళ్ళకూ. పక్కచూపు ముందు పోతుంది, నొప్పి ఉండదు, అందుకే చాలామందికి తెలియదు. గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో కాస్త మిగులుతుంది. ఈమెకు అదీ సన్నబడింది. ఎప్పటి నుంచో ఏమైనా గుర్తుందా?"

గుర్తుండటమా! నోట్‌బుక్ తీసి ఇచ్చాను. ఆయన పేజీలు ఒక్కొక్కటే తిప్పాడు. పంతొమ్మిది, పదిహేడు, పదహారు, పద్నాలుగు. పెద్ద తెర దగ్గర ఆగాడు. దూరంగా పెట్టుకుంటే పెరిగిన చోట మళ్ళీ ఆగాడు.

"బొమ్మ పెద్దదయ్యే కొద్దీ గొట్టం బయటికి పోతుంది. దూరం పెడితే అంతా గొట్టంలోకి వస్తుంది. ఆమెకు ఆ సంగతి తెలిసిపోయిందమ్మా" అన్నాడు. "ఈ లెక్క ఆగస్టులో ఎవరైనా కళ్ళ డాక్టరుకు చూపించి ఉంటే ఉన్న చూపును చాలాకాలం నిలబెట్టేవాళ్ళు. పోయింది మాత్రం రాదు" అన్నాడు.

నోట్‌బుక్ మూసి రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు. చెల్లెలు డాక్టరు ఏమన్నాడని అడిగింది. నేను చెప్పాను. చాలా చిన్నగా, నా ముఖం ముందే, జానెడు చోటులో చేతులు ఇరికించి చెప్పాను. చూశాక ఆమె ఒక్కటే అడిగింది, చెవి వెనక గోకి. అబద్ధమా అని. కాదన్నాను.

చుక్కల మందు వేశారు, ఒక కంటికి ఆపరేషన్ చేశారు. చూపు దిగే వేగం తగ్గింది, దిగడం ఆగలేదు. ఎండలు తగ్గే దాకా ఆమెను మా ఇంట్లో ఉంచుకున్నాను. చేతిలో చెయ్యి పెట్టి చెప్పగలిగిన సైగలేమిటో నోట్‌బుక్ ముందేసుకుని వెతికాం. చాలావాటికి గాలి కావాలి, చోటు కావాలి, ముఖం కావాలి. ముక్కుపుడక తాకించవచ్చు. పిడికిలి తట్టవచ్చు. వేళ్ళ కణుపులు లెక్కపెట్టవచ్చు. వెక్కిరింపు ఎలా తాకిస్తారు? 'నేను ఊరికే అన్నానులే' అన్నది కనుబొమల్లో ఉంటుంది. ముప్పై ఒకటి దొరికాయి.

ఆగస్టులో చెల్లెల్ని మాచర్ల తీసుకెళ్ళటానికి వచ్చిన కోడలికి ఆ ముప్పై ఒకటీ నేర్పాను. అడక్కుండానే నేర్పాను. ఈసారి మేం నవ్వలేదు, ఆమె ఎర్రగా చూడలేదు.

"అప్పుడు నేర్పినట్టయితే ఆ పొగేందో నాకూ తెలిసేది గదా పెద్దత్తమ్మా" అంది, అత్త చెయ్యి తన చేతిలో పెట్టుకునే.



నవంబరు 29, శనివారం, నాలుగూ ఇరవై ఆరుకి నేను ఫోనులో 'అమ్మ' అన్నాను. చెల్లెలు ముక్కు మీద వేలు పెట్టి తిరిగి 'అమ్మ' అంది. తరవాత నేను చేసినది ఏదీ తిరిగి రాలేదు.

ఇప్పటికీ మంగళవారం, శనివారం ఆ వేళకు కోడలు ఫోను కిటికీ గూట్లో పెట్టి ఆమెను మంచం మీద కూర్చోబెడుతుంది. ఒకటో యాపే. చెల్లెలు కొంచెం పక్కకు, తలుపు వైపు చూస్తూ కూర్చుంటుంది. ముందు వేళ్ళ కణుపులు లెక్కపెడుతుంది. నన్ను పిలుస్తోందన్నమాట. తరవాత చెబుతుంది. మిరపకాయల ఘాటు వీధిలోంచి వస్తోందని, కోడలు మంచిదేనని, రాత్రి అమ్మ కలలోకి వచ్చిందని, కలలో పొగ లేదని. బొమ్మ అద్దంలా వస్తోంది. ఒక్క వేలు కూడా చెదరడం లేదు. ఆమె చెప్పేదంతా నాకు తెలుస్తుంది. నేను చెప్పేది ఆమెకు తెలియదు. మధ్యమధ్యలో ఆగి, తల వంచి, నా జవాబు కోసం ఎదురుచూస్తుంది. అప్పుడు కోడలు నా ముఖం చూసి, అత్త అరచేతిలో ఒకసారి తడుతుంది అవునని, రెండుసార్లు కాదని. అంతే నా మాట.

చెల్లెలు అలసిపోయి చేతులు ఒళ్ళో పెట్టుకునే దాకా నేను ఫోను ఆపను.

నోట్‌బుక్ చివరి పేజీలో రాసినది:

వాడిన యాప్‌లు: నాలుగు.
మొదటి కాల్ నుంచి డాక్టరు దగ్గరికి వెళ్ళిన రోజు వరకు: మూడు వందల పదిహేను రోజులు.
అందులో ఆమె మొదట పొగ అన్న రోజు నుంచి: రెండు వందల అరవై రెండు.
పోయిన కళ్ళు: రెండు.
మొత్తం సైగలు: నాలుగు వందల పన్నెండు.
చేతిలో మిగిలినవి: ముప్పై ఒకటి.
పోయినవి: మూడు వందల ఎనభై ఒకటి.
ఫోనులో నా వైపు నుంచి చేరేవి: లేవు.